చెక్క కార్డు

కంప్యూటర్‌లో రెండో గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిన చోట నల్లరంగు పూసిన చెక్కముక్క ఉంది.

రాజకుమారి దాన్ని బయటికి లాగింది. అచ్చం కార్డు కొలతే. కంప్యూటర్ పెట్టెకున్న గాజు పలకలోంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. పెదబయలులో అక్క పురిటికి వెళ్లి, పది రోజుల తరువాత ఆ ఉదయమే ఆమె పనిలోకి వచ్చింది. అనంతగిరి పైన రైతులు పెట్టుకున్న చిన్న కాఫీ సంఘం అది. గింజల ఫోటోలు చూసి పుచ్చువేవో మంచివేవో నేర్చుకోవడం ఆ కంప్యూటర్ పని. రెండు కార్డులూ కలిసి గంటలో ముగించే పని మధ్యాహ్నానికి కూడా పూర్తి కాలేదు. అందుకే మూత విప్పింది.

అరగంటలో గదీ వరండా సంఘం రైతులతో నిండిపోయాయి.

గది తాళంచెవులు రెండు. ఒకటి రాజకుమారి దగ్గర, ఇంకోటి సంఘం అధ్యక్షుడు ఫల్గుణ దగ్గర. అధ్యక్షుణ్ణి అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

"బేగి సెప్పు గుంటా, కార్డు ఎవరికిచ్చావు?" అన్నాడు ఫల్గుణ.

"నాకేటీ తెల్దు సిన్నాన్నా."

"ఊరెల్లినప్పుడు నీ సంచీ బరువుగా ఉందంట కదా?"

"బిడ్డకి బట్టలు పట్టుకెల్లాను. నీకు సూపించి ఎల్లాలా?"

ఎవరో నవ్వారు. ఫల్గుణ నవ్వలేదు. ఆమె భుజాన ఉన్న సంచీ లాక్కుని అందరి ముందూ బల్ల మీద దులిపాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, నెలసరి ప్యాడ్ల ప్యాకెట్టు. మగవాళ్లు చూపులు తిప్పుకున్నారు. ఇద్దరు తిప్పుకోలేదు. రాజకుమారి ప్యాకెట్టును చున్నీ కింద దాచుకుంది. చెవులు మండిపోయాయి. ఏ తప్పూ చేయలేదు, అయినా తల పైకి లేవలేదు.

"రేపు పోలీసులకి సెప్దాం. నువ్విక పనిలోకి రాకు" అన్నాడు ఫల్గుణ.

ముసలి రైతు ఈశ్వరమ్మ చెక్కముక్కను వాసన చూసింది. "ఇది సిల్వర్ ఓకు. మన తోటల్లో నీడకి పెంచేదే. దొంగ ఇక్కడోడే. అబ్బో, ఏటి పనితనం! మా ఇంటి తలుపు కూడా ఇంత నున్నగా లేదు."

మళ్లీ నవ్వులు. రాజకుమారి ఎవరి ముఖమూ చూడలేక కంప్యూటర్ వైపు తిరిగింది. మిగిలిన కార్డు ఫ్యాను రెక్కల మధ్య ఏదో పలచగా కనిపించింది. గోటితో లాగింది. కాఫీ గింజ మీది పొట్టు.

ఫోటోలు తీసేది పక్క షెడ్డులో. ఈ గదిలోకి గింజలు రావు.

కార్డులు రెండూ నడుస్తుంటే పెట్టెలోంచి పొయ్యి సెగలాంటి గాలి వస్తుంది. కొత్తలో ఆ గాలికి అరచేతులు చాపి, "ఇంక సలిమంట ఎందుకే గుంటా" అన్నది ఎవరు? ఆమె తల ఎత్తింది. గోడ మీద కొత్త ప్రశంసాపత్రం వేలాడుతోంది. మొన్నటి కాఫీ రుచి పోటీలో మొదటి బహుమతి, ఫల్గుణ పేరు.

"సిన్నాన్నా, నాను లేనప్పుడు నాలుగు రోజులు ఎండే లేదంట కదా?"

"లేదు. మంచు. ఏటి ఇప్పుడు?"

"మా గింజలన్నీ బూజు పట్టాయి" అంది ఈశ్వరమ్మ.

"మరి కడిగిన గింజలు, నీవొక్కటే ఎక్కడ ఆరాయి సిన్నాన్నా?" రాజకుమారి పొట్టును అతని ముందు బల్ల మీద పెట్టింది.

ఎవరూ నవ్వలేదు. ఫల్గుణ పొట్టును చూశాడు. దువ్వెన తీసి సంచీలో వేశాడు. టిఫిన్ డబ్బా వేయబోతే మూత జారి కింద పడింది. వంగినవాడు చాలాసేపటికి గాని లేవలేదు. లేచాక కూడా కళ్లు నేల మీదే ఉన్నాయి.

"కంప్యూటరు పడుకోబెట్టి, పక్క మూత తీసి, దాని మీద జల్లెడ పెట్టాను. నువ్వు నొక్కే బొత్తాలు సూసి నేర్సుకున్నాను కదా, రెండు కార్డులూ నడిపించాను. మూడు రోజులు బాగానే ఆరాయి. నాలుగో రోజు తడి గింజలు పోశాను. నీరు కారి కార్డు మీద పడింది. సిటపటమంది, కాలిన వాసనొచ్చింది. బహుమతి కోసం అందరి కార్డు కాల్సేశానని సెప్పడానికి సిగ్గేసింది. మా తోటలో పాతిపెట్టాను. ఆ సెక్క నానే సెక్కాను, రంగు నానే ఏశాను. నీ సంచీలో ఏటీ ఉండదని ఇక్కడ తెలిసినోడిని నానొక్కడినే తల్లీ. అయినా నానే దులిపాను."