ఒంటెరాయి ముందు తడి

ఇల్లు తుడిచిన పూట ఫొటోగ్రాఫర్‌ని హాల్లోకి రానిచ్చేది కాదు భార్య. "అటు వెళ్లకండి, ఇప్పుడే తుడిచాను!" అని వంటింట్లోంచే కేకేసేది. ఆవిడ గోల ఆవిడది. గోడలనిండా అతను తీసిన అలలే మరి. ఆ ఊళ్లో ఏ అల ఫొటో అయినా అంతే, తీసిన మనిషి ఎదురుగా వస్తే ఫ్రేము దిగొచ్చి పాదాలు తడిపి వెళ్లిపోతుంది. ఇంకెవరు నిలబడ్డా ఉలకదు, పలకదు.

తీరంలోని రాళ్లనీ అలల్నీ ఫొటోలు తీసే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పెళ్లిళ్లలో జనాన్ని నవ్వమని బతిమాలీ బతిమాలీ విసిగిపోయిన అతను దానిమీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. తీరా ఫొటో పంపాల్సిన వారం జ్వరంతో మంచం పట్టాడు. భార్యే కెమెరా భుజాన వేసుకెళ్లి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి, ఒంటె ఆకారంలో ఉండే ఒంటెరాయి మూపురం మీద అల విరిగే క్షణాన్ని పట్టుకొచ్చింది. అంత మంచి ఫొటో తను ఏనాడూ తీయలేదని చూడగానే తెలిసిపోయింది అతనికి. కడుపు మండింది. తన పేరు మీదే పంపేశాడు. తెలిసీ కవరు అంటించి ఇచ్చింది ఆవిడే.

వచ్చిన ఫొటోలన్నీ పెట్టి ఉద్యోగం ఎవరికో తేల్చే ప్రదర్శన రోజు అందరికంటే ముందే వెళ్లి, ఆ ఫొటో కింద సీసాడు నీళ్లు ఒంపాడు. ఉద్యోగం ఇచ్చే పెద్దాయన వచ్చి, తడి చూసి భుజం తట్టాడు.

"శభాష్! అల మిమ్మల్ని బాగానే పలకరించినట్టుందే!"

సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

అప్పుడే గుమ్మంలోకి వచ్చింది భార్య, చేతిలో అతని కళ్లజోడుతో. "మర్చిపోయి వచ్చేశారు. ఉద్యోగం కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో కనపడొద్దూ?"

"లోపలికి రామ్మా" అన్నాడు పెద్దాయన.

"వద్దులెండి, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను."

ఇంట్లో పాలు పొద్దున్నే అయిపోయాయి. తిట్టినా పడేవాడు. తన పరువు కోసం ఆవిడ గడప అవతలే ఆగిపోయేసరికి తల ఎత్తలేకపోయాడు. వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"రా."

"వద్దండీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

ఆవిడ గడప దాటి ఫొటో ఎదురుగా రాగానే ఒంటెరాయి మీది అల కిందికి దిగింది. సీసా నీళ్లను తుడిచిపెట్టుకుని వచ్చి ఆవిడ పాదాలు మడమలదాకా తడిపింది. పక్కనే ఉన్న అతని చెప్పులకు చుక్క కూడా అంటలేదు. పెద్దాయన కాగితం, కలం ఆవిడ వైపు జరిపాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో హాలు తుడిచేది అతనే. గోడమీది ఒంటెరాయి ముందు ఆవిడ ఆగినప్పుడల్లా గుడ్డ పట్టుకుని వస్తాడు. అటు వెళ్లకు అని మాత్రం ఒక్కసారీ అనలేదు.