జిల్లేడాకుల స్నానం

రథసప్తమి పొద్దున తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయాలి. చిక్కడపల్లి కిరాయింట్లో ఉన్నన్నాళ్లూ మా అత్తమ్మ దమయంతే నాకు ఆకులు పెట్టి నీళ్లు పోసేది. అన్నీ చన్నీళ్లే. "జర కదలకుండ కూసో" అని గదమాయించేది. వణుకుతూ లోలోపలే తిట్టుకునేదాన్ని.

అత్తమ్మ పోయాక ఇదే మొదటి సప్తమి. అశోక్‌నగర్ ఫ్లాట్‌లో గీజరుంది. బకెట్ నిండా వేన్నీళ్లు పట్టుకున్నాను గానీ, చెంబు ముంచడానికి వంగిన ప్రతిసారీ తలమీది ఆకు జారిపడింది. మూడోసారి విసుగొచ్చి నా కూతురు రాగిణిని పిలిచాను. నిద్రమొహంతో వచ్చి, ఆకు సర్ది, చెంబెత్తింది.

"జర కదలకుండ కూసో మమ్మీ" అంది, అచ్చం నానమ్మలాగే.

"ఆగు బిడ్డా," అన్నాను. "ఆ వేన్నీళ్లు పారబోసి చన్నీళ్లు పట్టు."