ఉప్పునీళ్ళ కామాక్షయ్య

మా ఆయనని తడ నుంచి మా ఊటకుప్పం దాకా అందరూ ఉప్పునీళ్ళ కామాక్షయ్య అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు. సంతలో చేపల బుట్ట దించుతుంటే "ఏం ఉప్పునీళ్ళన్నా, ఈ పొద్దు తియ్యనీళ్ళేమన్నా పడినాయా?" అని పళ్ళికిలిస్తారు. ఆయన కూడా నవ్వుతాడు. పెళ్ళయిన కొత్తలో ఎవరో "నీ పడవ కాస్త ఒంకరగా ఉందే" అన్నారని రెండు రోజులు సరిగ్గా అన్నం తినని మనిషి! అలాంటి మనిషి ఆ పేరుని ఎందుకు మోస్తున్నాడో ఊళ్ళో కొందరికి తెలుసు, తెలిసీ నోరు మెదపరు. బయటివాళ్ళలో తెలిసింది ఒక్కరికే. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

ముందు గుల్లతిప్ప గురించి చెప్పాలి. పులికాటు సరస్సు సముద్రంలో కలిసే మొగకి ఇవతల, మా ఊరి నుంచి గెడ వేసుకుంటూ పోతే గంట దూరంలో ఉంది. నోట్లో వేసుకున్న వక్క నమిలి ఉమ్మేలోపు దాన్ని చుట్టి రావచ్చు. అక్కడ ఇల్లు లేదు, గుడి లేదు, మేకపిల్ల కూడా లేదు. సరస్సు వైపు మడచెట్లు. వాటి కొమ్మల మీద గూడబాతులు గూళ్ళు పెట్టి, రెట్టలు వేసి, ఆకులన్నిటికీ సున్నం కొట్టినట్టు చేస్తాయి. సముద్రం వైపు మోకాలి లోతు గుల్ల, అంటే ఆల్చిప్పల మేట. చలికాలంలో తాబేళ్ళు అటు నుంచే పాక్కుంటూ వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. మా వాళ్ళు ఆ గుడ్ల జోలికి పోరు.

ఇంతే అయితే దాని గురించి చెప్పడానికి నేనెందుకు? దాని కడుపులో తియ్యనీళ్ళున్నాయి. నాలుగు వైపులా ఉప్పునీళ్ళు, నడుమ తియ్యనీళ్ళు! రెండు ఇసుకదిబ్బల మధ్య పల్లం ఉంది, బాలబంద తీగ అల్లుకుని ఉంటుంది. తీగ పక్కకి జరిపి చేతులతో మూరెడు లోతు ఇసుక తీస్తే చాలు, అడుగున నీళ్ళు ఊరతాయి. కొబ్బరిచిప్పతో ముంచుకుని, తాగి, కుండ నింపుకుని, మళ్ళీ చేతులతోనే గుంట పూడ్చి, తీగ కప్పి రావాలి. ఇనుము తగలకూడదు. మూరెడుకి మించి దిగకూడదు. మా అత్త ఆదిశేషమ్మకి వాళ్ళ అత్త చెప్పింది, నాకు మా అత్త చెప్పింది. వాన నీళ్ళు ఇసుకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ళ మీద మీగడలా తేలుతాయంటుంది ఆమె. మీగడ తీసేటప్పుడు గరిటె అడుగుదాకా దింపితే ఏమవుతుందో ఏ ఆడదానికైనా తెలుసు.

ఈ మాట నమ్మనివాళ్ళకి చూపించడానికి తిప్పకి అవతలి కొసన ఒక పాడుబావి కూడా ఉంది. ఎప్పుడో ఒల్లందు దొరలు, అదే డచ్చివాళ్ళు, ఓడల కోసం ఇటుకలతో కట్టించారని మా పెద్దవాళ్ళ మాట. నిలువెత్తు తవ్వారట, నెల తాగారట, తర్వాత ఉప్పెక్కి, ఓడలెక్కి పోయారట. ఇటుకల వరస ఒకటి ఇప్పటికీ ఇసుకలోంచి కనిపిస్తుంది. ఒల్లందు దొరలు నిలుపుకోలేని నీళ్ళని మా అత్తలు వట్టి చేతులతో నిలుపుకున్నారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గర్వమే. దాచుకోను.

మద్రాసు వాళ్ళతో సరిహద్దు తేల్చుకున్న మరుసటేడు, అంటే అరవై ఒకటిలో, సరస్సులోని తిప్పలన్నీ కొలవడానికి సర్వేయరు పద్మనాభయ్య గారు వచ్చారు. బుచ్చిరెడ్డిపాలెం వైపు మనిషి, వరిపొలాల మధ్య పుట్టినవాడు. బూట్లేసుకుని పడవెక్కేవాడు, పడవ ఊగితే దేవుళ్ళందరినీ పిలిచేవాడు. చెడ్డవాడు కాదు. మా ఆయన పడవనే కుదుర్చుకున్నారు. ఆయనకీ గొలుసు పట్టేవాళ్ళకీ వండిపెట్టడానికి నేనూ వెళ్ళేదాన్ని.

గుల్లతిప్ప చుట్టూ కొలత గొలుసు లాగి, కాగితం తీసి, రాస్తూ రాస్తూ పైకి చదివారు. "మనుషులు లేరు. సాగు లేదు. నీళ్ళు లేవు. పనికిరాని దిబ్బ."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా ఆయన వీపు బిగుసుకోవడం కనిపించింది. ఊరుకో మామా, ఊరుకో, అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఊరుకుంటాడా!

"నీళ్ళు లేవని రాయబాకండి సార్. దీని కింద ఉండే నీళ్ళు మీ పెన్నలో గూడా దొరకవు" అన్నాడు.

సర్వేయరు గారు కలం ఆపారు. "నిజమా?"

"అబద్ధం చెప్పాల్సిన కర్మ నాకేంది సార్?"

పద్మనాభయ్య గారి మొహం వికసించింది. అప్పుడు చెప్పారు అసలు సంగతి. నెల్లూరులో ఒక కాంట్రాక్టరు గుల్ల కాల్చి సున్నం తీసే బట్టీ పెట్టడానికి చోటు వెతుకుతున్నాడట. గుల్ల ఇక్కడ కావలసినంత ఉంది, కాల్చడానికి మడచెట్లున్నాయి. నలభైమంది కూలీలకి మంచినీళ్ళు లేవనే ఈ తిప్పని వదిలేశాడట. "నీళ్ళుంటే ఇంకేం కావాలి? సోమవారం మనుషుల్ని తెస్తాను. చోటు చూపించు, బావి తవ్విద్దాం. ఉన్నాయని తేలితే ఆ రోజే రాసి పంపేస్తా" అని మా ఆయన భుజం తట్టారు.

దారంతా మా ఆయన గెడ వంకర టింకరగా పడుతోంది.

ఇంటికొచ్చి చెబితే మా అత్త చేతిలో వల అల్లే దబ్బనం ఆగిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"గుల్ల ఎత్తుకుపోతే తిప్ప యాడుంటాదిరా? మడ నరికితే గాలివానకి అడ్డమేముంటాది? బావి తవ్వితే ఆ నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి?" అంది. "నీ నోటిదూలకి నలుగురు అత్తల కష్టం బలిపెట్టినావు గదరా."

"పనికిరాని దిబ్బ అన్నాడమ్మా" అన్నాడు మా ఆయన, చిన్నపిల్లవాడిలా.

"అంటే ఏం పోయింది? అననీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం లోపు ఆ మూడు రోజులూ నేను కూడా నోటికొచ్చినట్టు తిట్టాను, అబద్ధమెందుకు? రొయ్యలు వలిచేటప్పుడు తిట్టాను, అన్నం పెట్టేటప్పుడు తిట్టాను. ఆదివారం నాడు ఆయన వాళ్ళమ్మ ముందు గొంతుక్కూర్చుని ఒకే మాట అడిగాడు. "నీళ్ళు లేవని చెప్పేదానికి నోరెట్టా వస్తాదమ్మా? తిప్ప మీద నీళ్ళడిగినోడికి లేదనకూడదని నువ్వే గదా చెప్పినావు?"

మా అత్త దబ్బనం పక్కన పెట్టింది. "దాహానికైతే ఇయ్యి. బేరానికి ఇయ్యబాక" అంది.

సోమవారం పద్మనాభయ్య గారు ఇద్దరు కూలీలతో, పారలూ గునపాలతో దిగారు. మా ఆయన ముందు నడిచాడు. పల్లం వైపు కన్నెత్తి చూడలేదు. తిప్ప అవతలి కొసకి, ఒల్లందు బావి పక్కకి తీసుకుపోయి కాలితో గీత గీశాడు. "ఈడ తవ్వండి" అన్నాడు.

తవ్వారు. మోకాలి లోతు, నడుము లోతు, ఛాతీ లోతు. నీళ్ళు పడ్డాయి. చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. పద్మనాభయ్య గారు ఆశగా గ్లాసు ముంచి నోట్లో పోసుకుని, అక్కడే ఊసేశారు.

"ఇవేనటయ్యా నీ పెన్న నీళ్ళు?"

కూలీలు కిసుక్కుమన్నారు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"నువ్వు తాగు, చూద్దాం" అని సర్వేయరు గారు గ్లాసు మళ్ళీ ముంచి చేతికిచ్చారు.

నాకు మా ఆయన సంగతి తెలుసు. నలుగురిలో ఒక్క మాట పడలేడు. రెండడుగులు వేసి పల్లం చూపించేస్తే చాలు, ఆ నవ్వేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఆయన కళ్ళు ఒక్క క్షణం దిబ్బల వైపు పోయాయి కూడా. అంతే, గ్లాసెత్తి, ఆ ఉప్పునీళ్ళు గటగటా చివరి చుక్క దాకా తాగాడు. మొహంలో ఒక్క ముడత పడలేదు. మూతి తుడుచుకుని అన్నాడు:

"మాకివి తియ్యగానే ఉంటాయి సార్. పుట్టినప్పటి నుంచీ ఇవే గదా."

కూలీలు ఇసుకలో పడి దొర్లారు. పద్మనాభయ్య గారికి కూడా కోపం పోయి నవ్వొచ్చింది. నవ్వుతూనే నోరంతా ఉప్పయిపోయిన వీడి మాట నమ్మి మూడు రోజులు పోగొట్టుకున్నానే అని తల కొట్టుకున్నారు. పాత కాగితమే తీసి, "నీళ్ళు లేవు" అన్నదాని కింద గట్టిగా గీత గీశారు. ఆ సున్నపుబట్టీ మరెక్కడ పెట్టారో మాకు తెలియదు.

తిరుగు దారిలో మా ఆయన పడవ అంచు పట్టుకుని నాలుగుసార్లు కక్కాడు. పడవ ఊగినందుకు సర్వేయరు గారు దేవుళ్ళని పిలిచారు. కూలీలు ఒడ్డు దిగిన గంటలో పేరు పుట్టింది, వారం తిరిగేసరికి తడ చేరింది. ఆ సాయంత్రం నేను ఆయనకి వేడి గంజి కాచి ఇచ్చాను. మూడు రోజులు తిట్టిన నోటితో మంచి మాట ఒకటి అనాలనుకున్నాను, రాలేదు. గంజిలో కాస్త ఉప్పు తగ్గించాను. ఆయన తాగి, నన్ను చూసి, నవ్వాడు.

అరవై ఏడు ఎండాకాలం. మే నెల. గుల్లతిప్ప దగ్గర వల వేసి ఉన్నాం, నేనూ ఆయనా. సరస్సులో నీళ్ళు బాగా తగ్గి, బురద మేటలు బయటపడ్డాయి. ఒక పడవ మేట మీద కూరుకుపోయి కనిపించింది. వెళ్ళి చూస్తే పడవవాడు సాయం కోసం బురదలో నడిచి పోయాడట, లోపల ఒక్కరే పద్మనాభయ్య గారు. జుట్టు నెరిసింది. హోదా పెరిగిందో ఏమో కాగితాల పెట్టె పెద్దదయింది. నీళ్ళ కుండ పగిలిపోయి పక్కన పడి ఉంది. పెదాలు పగిలి, కళ్ళు తేలేశారు.

మా కుండలో కూడా చుక్క లేదు. సాయంత్రం తిప్ప దగ్గర నింపుకుందామని ఖాళీగా తెచ్చుకున్నాం. ఊరికి తీసుకుపోవాలంటే గంటపైనే ఎండలో. అంతసేపు ఆయన ప్రాణం ఆగేట్టు లేదు.

మా ఆయన నా వైపు చూశాడు. ఆరేళ్ళుగా మోసిన పేరు, భరించిన నవ్వులు, తిప్ప, మడ, గుల్ల, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. నాకూ భయమేసింది. కానీ మా అత్త మాట ఇద్దరికీ గుర్తుంది.

"దాహమే గదా మామా" అన్నాను.

ఆయన పద్మనాభయ్య గారిని మా పడవలో తిప్పకి చేర్చి, భుజాన వేసుకుని పల్లానికి మోశాడు. తీగ జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో ఇసుక తీశాడు. నీళ్ళు ఊరాయి. కొబ్బరిచిప్పతో ముంచి మొదట పెదాలు తడిపాడు, తర్వాత గుక్కెడు, తర్వాత చిప్పెడు. మూడో చిప్పకి ఆయన కళ్ళు తెరిచారు. నాలుగో చిప్ప తనే అందుకుని తాగారు. ఐదో చిప్ప నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయారు. నీళ్ళ వంక చూశారు, గుంట వంక చూశారు, తిప్ప అవతలి కొస వైపు చూశారు. చివరికి మా ఆయన మొహంలోకి చూశారు.

"ఎంత లోతు తవ్వావు?"

"మూరెడు సార్. అంతకు మించితే ఉప్పెక్కుతాది. ఇనుము తగలనీం."

"ఆ రోజు ఆ గ్లాసు..." అని ఆగారు.

మా ఆయన గుంట పూడ్చడానికి వంగాడు. పద్మనాభయ్య గారు ఆయన చెయ్యి పట్టి ఆపారు. తూలుతూనే బూట్లు విప్పి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, దోసిళ్ళతో ఇసుక తోసి, గుంట తనే పూడ్చారు. తీగ ఎటు నుంచి కప్పాలో నేను చూపించాను.

పొద్దు వాలేసరికి ఊరొడ్డుకి చేరాం. వలలు ఆరేస్తున్నవాళ్ళ దగ్గర తడ నుంచి వచ్చిన చేపల వ్యాపారులు నిలబడి ఉన్నారు. మా పడవని, అందులో ఆఫీసరుని చూసి ఒకడు అందుకున్నాడు. "ఏం సార్, దాహానికి మా ఉప్పునీళ్ళన్న ఏమన్నా పోసినాడా? యాడివి, పెన్నవేనా?"

అందరూ నవ్వారు. పద్మనాభయ్య గారు పడవ దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, గోళ్ళలో ఇసుకతో అలాగే నిలబడ్డారు.

"పోసినాడయ్యా" అన్నారు. "వట్టి ఉప్పు. నోట పెట్టలేకపోయినాను."

మళ్ళీ నవ్వులు. ఆయన మా ఆయన వైపు తిరిగి, అంతమంది ముందు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. మా ఆయన పడవని ఒడ్డుకి లాగి, నింపుకోకుండానే తెచ్చిన ఖాళీ కుండ భుజాన పెట్టుకుని, నవ్వుతున్నవాళ్ళ మధ్య నుంచి తల ఎత్తుకుని నడిచాడు. నేను ఆయన పక్కనే నడిచాను.