గుర్రం కింద అత్తగారు

రాజుగారు కోటను గెలిచి పట్టుకున్నారో, తిండి దొరక్క శత్రువులే వదిలిపోయారో మాకనవసరం. ఆంట్‌వెర్ప్‌లో మా చిత్రశాలకు విజయచిత్రం పని వచ్చింది, అది చాలు. మొహాలు మా యజమాని లివెన్ వేస్తాడు. గుర్రాలు నావి. రాజుగారిని మోస్తూ ముంగాళ్లెత్తిన ఆ తెల్ల గుర్రాన్ని చూసి జనం లివెన్‌నే మెచ్చుకుంటారు, నా ఖర్మ.

మొహాలకు ఇంటివాళ్లే దిక్కు. రెక్కల విజయదేవతకు లివెన్ భార్య మైకెన్ నిలబడింది. గుర్రం కాళ్ల కింద నలిగే ముసలిది అసూయకు రూపం. దానికి మాత్రం లివెన్, అడక్కుండా, అత్తగారు డింఫ్నా మొహం దించేశాడు. ఆవిడ చేపల బజారులో హెరింగ్ అమ్ముతుంది. చిత్రశాల ఉన్న ఇల్లు ఆవిడదే.

ఒక పొద్దున ఆవిడ వచ్చి, బొమ్మను ఎగాదిగా చూసి, పల్లెత్తు మాట అనకుండా వెళ్లిపోయింది. డింఫ్నా నోరు మూసుకోవడం మేమెన్నడూ చూడలేదు.

"అయిపోయింది. ఇల్లు ఖాళీ చేయిస్తుంది," అంటూ లివెన్ ఆ ముసలిదాని మొహాన్ని, రంగు ఆరకముందే, గుడ్డతో తుడిచేశాడు. నాకు జాలి కలగలేదు, నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి డింఫ్నా చేపల బజారునంతా వెంటేసుకొచ్చింది. అందరి మెడలకూ పండగలకు కట్టుకునే, గంజి పెట్టిన తెల్ల పట్టీలు.

"చూడండే, రాజుగారి మేడకెళ్లే..." చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. "అల్లుడూ, నా మొహమేదయ్యా?"

"గుర్రం కింద వేశానని మీకు కోపమొచ్చిందేమోనని, అత్తయ్యా..."

"కిందైతేనేం? గుర్రం రాజుగారిదే కదా! సాయంత్రంలోగా నన్ను నా చోట పెట్టకపోతే నువ్వూ నీ కుంచెలూ వీధిలో ఉంటారు!"

వెళ్లి కుర్చీలో కూర్చుంది. తీరా చూస్తే ఆనందం పట్టలేక మొహం వెలిగిపోతోంది. కుళ్లుకోమంటే నవ్వుతుంది. ఏడవమంటే ఉన్న పళ్లన్నీ బయటపెడుతుంది. నలుగుతూ మురిసిపోయే అసూయను, బొమ్మ చూసి తీసుకెళ్లడానికొచ్చే రాజుగారి మనిషి ఒప్పుకుంటాడా? లివెన్ గీసిందల్లా తుడిచేస్తున్నాడు.

అప్పుడు మైకెన్ తాపీగా అంది. "అమ్మా, నీకు చెప్పలేదు కదూ? పైన మేఘాల్లో బంగారు బాకా ఊదే కీర్తిదేవతకు వల్బుర్గా పిన్ని మొహం పెడుతున్నాడు."

బజారులో డింఫ్నాకు ఎదురు కొట్టు వల్బుర్గాదే. గుంపులోనే ఉన్న ఆవిడ సిగ్గుపడుతూ మెడపట్టీ సర్దుకుంది.

డింఫ్నా నవ్వు ఆరిపోయింది. మూతి వంకర తిరిగింది. కళ్లు చిట్లించి వల్బుర్గాను పైనుంచి కిందికి చూసింది.

"దానికి మేఘాలా?"

"అలాగే ఉండండత్తయ్యా, కదలకండి!" అని లివెన్ కుంచె అందుకున్నాడు.