అడగకుండా తీసుకున్న జవాబులు

పరిశోధనలో చేరిన ఐదో ఏడు వచ్చేసరికి ఆమెకి ఓపిక అడుగంటింది. విద్యార్థుల మానసిక ఒత్తిడి మీద సర్వే ఆమెది. దాని పుణ్యమా అని ఒత్తిడంతా తనకే అంటుకుందని తోటివాళ్ళు నవ్వేవారు.

ఆమె కష్టం చూడలేక గైడు తన క్లాసులోనే ఫారాలు పంచిపెట్టాడు. "నింపి ఇచ్చినవాళ్ళకే ఇవాళ హాజరు" అన్నాడు. అరగంటలో రెండువందల పదకొండు ఫారాలు చేతికొచ్చాయి. 'నా ఇష్టంతోనే పాల్గొంటున్నాను' అన్న విడి సమ్మతి కాగితం మీద అందరూ సంతకాలు గీకేశారు. హాజరు మాట ఆమె చెవిన పడింది. విననట్టే ఊరుకుంది.

నాలుగు రోజుల తరవాత కంప్యూటర్ ముందు కూర్చుని జవాబులు ఎక్కిస్తుంటే ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, నా ఫారం వెనక్కిస్తారా?"

"వాటి మీద పేర్లుండవమ్మా. ఏది ఎవరిదో నాకే తెలీదు."

"నాది ఆకుపచ్చ పెన్ను. మా హాస్టల్లో అది నా ఒక్కదాని దగ్గరే ఉంది. పద్నాలుగో ప్రశ్నకి నిజం రాసేశాను."

"ఇష్టం లేకపోతే మానేయొచ్చని మొదటి పేజీలోనే ఉందిగా?"

"ఉంది మేడమ్. కానీ హాజరు పోతుందన్నారుగా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. కట్ట విప్పి ఆకుపచ్చ సిరా వెతికి, చదవకుండా తీసి ఇచ్చింది. అమ్మాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుని వెళ్ళిపోయింది.

సంగతి చెబితే గైడు తేలిగ్గా తీసేశాడు. "ఒకటి పోతే పోయింది. రెండువందల పది చాలవా?"

"మిగతావాళ్ళనీ అడుగుతాను సార్."

"అడుగు, ఎవరొద్దన్నారు?" అంటూ ఆయనా వెంట క్లాసుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఫారం ఎవరికైనా వెనక్కి కావాలా అని ఆమె అడిగింది. చివరి బల్లలో ఒక చెయ్యి సగం దాకా లేచింది. ఆయన తలెత్తి చూడగానే ఆ చెయ్యి తల గోక్కుంది.

"చూశావా?" అన్నాడు గైడు.

ఆమె చూసింది. ఆ మధ్యాహ్నమే జరిగింది జరిగినట్టు, తన తప్పుతో సహా, పరిశోధనల్లో నీతినియమాలు చూసే ఎథిక్స్ కమిటీకి రాసిచ్చింది. ఆ సర్వే చెల్లదని కమిటీ తేల్చాక, ఫారాలన్నీ ముక్కలు చేసే యంత్రంలో వేసింది. అదీ రెండుసార్లు మొరాయించింది.

"అన్నాళ్ళు చాకిరీ చేసి చింపేశావా? నీకేమైనా పిచ్చా?" అంది ఇంట్లో అక్క.

"అలిసిపోయానక్కా."

"అలిసిపోయినవాళ్ళు ఉన్నదాంతో ముగించుకుంటారే!"

ఆమె కంచం కడుక్కుని వెళ్ళి పడుకుంది.

మళ్ళీ సర్వే చేసే అనుమతి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ కాగితాల మీద గైడు తలెత్తకుండానే సంతకం పెట్టాడు. ఈసారి లైబ్రరీ పక్కగదిలో బల్ల వేసుకుని కూర్చుంది. హాజరు లేదు, మేష్టార్లు లేరు. మొదటిరోజు ఆరుగురు వచ్చారు. మొదటి పేజీ చదివి ముగ్గురు లేచిపోయారు.

"మధ్యలో మానేస్తే కారణం చెప్పాలా?" అని అడిగాడొక కుర్రాడు.

"అక్కర్లేదు."

రెండు పేజీలు నింపి అతనూ లేచాడు. ఆమె ఆ కాగితాలు అతని చేతికే ఇచ్చేసింది.

ఏడాది ఆలస్యంగా పట్టా వచ్చింది. థీసిస్ పట్టికలో జవాబిచ్చినవాళ్ళు మొత్తం యాభై ఎనిమిది మంది.