అత్తయ్య మోకాలు, నా పుస్తకం

అత్తయ్య మోకాలికి మందు రాస్తుంటే ఫోన్ టింగుమంది. నా చేతులు జిడ్డుగా ఉన్నాయని మా ఆయనే తీసి చదివాడు. పాత దస్తావేజులన్నీ భద్రపరిచే పెద్ద గ్రంథాలయం నుంచి ఉత్తరం. ఏడాదిపాటు అక్కడే ఉండి పుస్తకం రాసుకోమని, వచ్చేదీ లేనిదీ రేపటికల్లా చెప్పమని.

"శభాష్! మా ఆవిడంటే మజాకానా!" అన్నాడు. ఆ సంతోషం నిజమైనదే. ఆ వెంటనే, "అయినా ఈ ఏడు ఎలా వీలవుతుందోయ్? అమ్మ మోకాలు చూడు. నువ్వు రాసేది చచ్చిపోయినవాళ్ళ గురించేగా, వాళ్ళెక్కడికి పోతారు? వచ్చే ఏడు వెళ్దువుగానిలే" అన్నాడు.

మంచివాడు. అదే నాకొచ్చిన తంటా. చెడ్డవాడైతే పోట్లాడైనా వెళ్ళిపోయేదాన్ని. నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాడు, ఇంటికి రాగానే "ఆకలేస్తోందోయ్" అంటాడు. కాలేజీలో మా చరిత్ర శాఖ హెడ్డు ఈయన్ని మించిన మంచివాడు. సదస్సులో ప్రసంగాలు మగవాళ్ళకి పంచేసి, "టీల సంగతి మీరు చూస్తేనే బాగుంటుంది మేడమ్" అంటాడు. మొదటిసారి ఇలాంటి పిలుపొచ్చినప్పుడు అబ్బాయి పరీక్షలు. రెండోసారి ఇదే మోకాలికి ఆపరేషన్. రాజ్యాలు ఎందుకు కూలాయో బోర్డు మీద కారణాలు గడగడా రాసేస్తాను కానీ, నీ పుస్తకం ఏదమ్మా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాను. ఈసారి కూడా ఊరుకుంటే ఇక పిలవరు, వయసు దాటిపోతుంది. నాకు ఏడుపొచ్చేసింది.

అత్తయ్య కాలు వెనక్కి లాక్కుంది.

"ఒరేయ్, నా మోకాలి జోలికి రాకు. పోయినసారీ దాన్నే అడ్డం పెట్టావు. రేపెవరైనా చరిత్ర రాస్తే, ఈ ముసలిదాని మోకాలి వల్లే కోడలి పుస్తకం ఆగిపోయిందని నా పేరెక్కిస్తారా? కోడలు ఇంట్లో ఉన్నా నొప్పే, లేకపోయినా నొప్పే!"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నోర్మూసుకుని మందు నువ్వు రాయి."

ఆయన నిజంగానే కింద చతికిలబడి సీసా అందుకున్నాడు. ఏడుస్తున్నదాన్ని కాస్తా ఫక్కున నవ్వేశాను. ఎంత ముద్దొచ్చాడో! చేతులు తుడుచుకుని, మనసు మారకముందే, "వస్తున్నాను" అని జవాబు పంపేశాను.

"ఇంతకీ ఎవరి గురించమ్మాయ్ రాయడం?" అంది అత్తయ్య.

"వెనకటికి నూలు మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళ గురించి అత్తయ్యా. వాళ్ళ కూలి, వాళ్ళు చేసిన సమ్మెలు."

"పొద్దున్నే మిల్లుకి పోతే, మరి ఇంట్లో వంటెవరు చేసేవారు?"

ఇన్నేళ్ళుగా వాళ్ళ జీతాల చిట్టాలు తిరగేశాను, సమ్మె కరపత్రాలు చదివాను, మిల్లు గేటు దాటి ఇంటికొచ్చాక వాళ్ళేం చేసేవారో ఒక్కనాడూ వెతకలేదు. అసలు ప్రశ్న అదే. అక్కడికి వెళ్ళేదాకా ఆగడమెందుకని, ముందు మా ఆయన్నే అడిగాను: "నేను వెళ్ళాక ఇంట్లో వంటెవరు చేస్తారు?"