నత్తమ్మ అనే పేరు

కోడలికి 'నత్తమ్మ' అని పేరు పెట్టింది అత్తగారే. కాపురానికొచ్చిన మొదటి వారంలో, చొక్కాకి ఊడిన గుండీ ఒక్కటి కుట్టడానికి ఆ పిల్ల అరగంట కూర్చోవడం చూసి, "ఇది కోడలా, నత్తా?" అని నోరు జారింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. మాటా చురుకే, చెయ్యీ చురుకే. ఆ పేరు వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి కోడలు పనిచేసే బూట్ల ఫ్యాక్టరీకీ పాకింది. మిగతావాళ్ళు పది జతలు కుట్టే పొద్దుకి నత్తమ్మ నాలుగు కుట్టేది. చివరికి ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను మర్యాదగానే ఇంటికి పంపేశారు.

ఆమె ఏడవలేదు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని తోలు, దాన్ని పొడిచే ఆరె, మైనం పూసిన దారం సర్దుకుంది. ఎదురింటి బస్సు కండక్టరుకి ఒక కాలు పొట్టి. దుకాణంలో కొన్న ఏ జతా ఆయనకు కుదిరేది కాదు. ఆయన పాదాలు కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, నొప్పి ఉన్నచోటల్లా చుక్క పెట్టుకుని, ఇరవై రోజులు కూర్చుని ఒక జత కుట్టింది. అది తొడుక్కుని ఆయన వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి ఆయన కుంటడం లేదన్న సంగతి తట్టడానికి కాసేపు పట్టింది.

ఆ తర్వాత వాచిన పాదాలు, వంకర వేళ్ళు, కాలిన మడమలు ఒకదాని వెనక ఒకటిగా ఆ గుమ్మం ఎక్కాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి బోర్డు కావలసి వచ్చింది. కోడలు 'నత్తమ్మ కొలత బూట్లు' అని రాయించి, పక్కన చిన్న నత్త బొమ్మ వేయించింది.

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. "లోకంలో పేర్లకే కరువొచ్చిందా? నా పరువు వీధిన పెడతావా?"

"తొందరున్నవాళ్ళు ఆ పేరు చూసి లోపలికి రారు అత్తమ్మా. రావలసినవాళ్ళే వస్తారు," అంది కోడలు, దారానికి మైనం పూస్తూనే.

ఆ పేరు ఇంకెవరూ ఎత్తుకుపోకుండా పేర్ల నమోదు కార్యాలయంలో అర్జీ కూడా పెట్టింది. మూడు నెలలకి ఒక అభ్యంతరం వచ్చిపడింది. ఇంట్లో వేసుకునే చెప్పులు చేసే ఒక పెద్ద కంపెనీ 'అత్తమ్మ' అన్న పేరు ఎప్పుడో నమోదు చేయించుకుందట. రెండూ కాళ్ళకి వేసుకునేవే, రెండు పేర్లూ చెవికి ఒకలాగే వినిపిస్తాయి, కాబట్టి ఇది కుదరదంది.

"ఒక్క అక్షరం కోసం అంత కంపెనీతో మనకెందుకు? తాబేలు అని పెట్టుకో," అన్నాడు మొగుడు.

"నన్నెవరూ తాబేలు అని పిలవలేదుగా," అంది ఆమె.

విచారణ రోజున కోడలి వెంట అత్తగారు కూడా వెళ్ళింది, ఈ నత్త అక్కడ నోరు విప్పేలోపు పొద్దు గూకుతుందన్న బెంగతో. పొడుగాటి బల్లకి అటువైపు అధికారిణి, ఇటువైపు కంపెనీ వకీలు. వకీలు గడగడా చెప్పి ఐదు నిమిషాల్లో ముగించాడు. కోడలు లేచి, పెద్ద అట్టపెట్టె తెరిచి, లోపలి కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరవసాగింది. డెబ్బై ఏడు జతల పాదాల గీతలు. ప్రతి కాగితం పైనా 'నత్తమ్మ' అన్న మాట, తేదీ, అడుగున ఆ పాదాల మనిషి సంతకం. వకీలు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అధికారిణి మాత్రం కుర్చీలోంచి లేచి, వంగి, చుక్కలు పెట్టిన చోట్లని వేలితో తడుముతూ బల్ల చివరిదాకా వచ్చింది.

"ఈ పేరెలా వచ్చిందమ్మా?" అని అడిగింది.

కోడలు తల వంచుకుంది. చెప్పాలంటే అత్తగారి మీద చెప్పాలి. అత్తగారికి 'నోరా, వీపుకి తేకే' అన్న సామెత గుర్తొచ్చింది. అయినా లేచింది.

"నేనే పెట్టానండీ. ముద్దుకి కాదు, వెక్కిరింపుకి. తప్పు నాది. ఆ వెక్కిరింపుని ఇంత మర్యాదగల పేరు చేసింది ఈ పిల్ల."

"ఈ రెండు పేర్లూ కలగాపులగం అవుతాయంటున్నారు కదా, మీరేమంటారు?"

"మా ఇంట్లో ఐదేళ్ళుగా రోజుకి యాభైసార్లు రెండూ వినపడతాయండీ. నత్తమ్మా అంటే నేను పలకలేదు, అత్తమ్మా అంటే అది పలకలేదు."

వకీలు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. పేరు ఎక్కడ వేసినా పక్కన నత్త బొమ్మ ఉండాలి, కొలతకి కుట్టే బూట్లకే వాడాలి, ఇంటి చెప్పుల జోలికి పోకూడదు. ఆ షరతుల మీద నత్తమ్మ పేరు ఆమెదైంది.

ఏడాది తిరక్కుండానే బజారువీధిలో ఒక దుకాణదారు అదే పేరు, అదే బొమ్మ పెట్టి బూట్లు అమ్మడం మొదలుపెట్టాడు. అత్తగారు కొంగు దోపుకుని బయల్దేరింది, వెంట కోడలూ వెళ్ళింది. కోడలు ఆ దుకాణంలో ఒక బూటు తీసి, అడుగు తిప్పి చూసి, "అన్నయ్యగారూ, ఈ కుట్టు వానకి విడిపోతుంది. అప్పుడు తిట్లు నా పేరుకి తగులుతాయి. పది రోజుల్లో తీసేయండి," అని ఉత్తర్వు నకలు చేతిలో పెట్టింది. గొంతు పెంచలేదు. తొమ్మిదో రోజున బోర్డు దిగింది.

ఆ నెలాఖరున ఆ దుకాణదారు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. ఆవిడ పాదాలు రెండూ పొంగి ఉన్నాయి. అత్తగారి నాలుక చివరిదాకా ఏదో మాట వచ్చింది. అప్పటికే కోడలు కింద కూర్చుని, ఆ ముసలావిడ పాదాన్ని రెండు చేతులతో పట్టి కాగితం మీదకి దించుతోంది. అత్తగారు ఆ మాట మింగేసి, లోపలికి వెళ్ళి, ఆవిడ ఆనుకోవడానికి దిండు తెచ్చింది.